పొద్దున్నే పట్టేసే నడుము

డిసెంబరు చలిలో, పొద్దున ఆరు గంటల షిఫ్టుకి వేలిముద్ర మెషిను ముందు నిలబడ్డ వరసలో ఉమేష్ లేడు. ఆరున్నరకీ రాలేదు. ఆరూ నలభైకి సైకిలు గోడకి ఆనించి, ఒక చెయ్యి నడుం మీద, ఒక చెయ్యి గోడ మీద వేసుకుని, పాదాలు ఈడ్చుకుంటూ లేత్ షెడ్డులోకి వచ్చాడు. ఇరవై ఆరేళ్లవాడు. నడక చూస్తే అరవై దాటినవాడిలా ఉంది.

వాణ్ణి చూడ్డానికి భీమారావు మెడ తిప్పలేదు. ఆయన మెడ తిరగదు. మనిషి మొత్తం తిరిగాడు.

"నెలలో ఇది మూడోసారి," అన్నాడు.

"లేవలేకపోయాను ఉస్తాద్."

"లేవలేకపోయావా, లేవబుద్ధి కాలేదా?"

ఉమేష్ చేతులకి తొడుగులు వేసుకుంటూ మిషను దగ్గరికి నడిచాడు.

రాయ్‌పుర్ పక్కన ఉర్లాలోని ఆ రీ-రోలింగ్ మిల్లులో భీమారావు లేత్ షెడ్డుకి ఫోర్‌మన్. కాలిన ఇనుమును నొక్కి కడ్డీలుగా సాగదీసే రోలర్లు అరిగిపోతే, వాటి గాడులు మళ్లీ చెక్కేది ఆ షెడ్డులోనే. ఒక్కో రోలరు ఏనుగు కాలంత లావు. గాడి ఆకారానికి కత్తిరించిన రేకు గేజిని అందులో పెట్టి, వెనకనుంచి లైటు వేసి చూస్తారు. రేకుకీ ఇనుముకీ మధ్య వెలుతురు కనబడితే పని తప్పు. భీమారావు పెట్టిన గేజి పక్కనుంచి వెలుతురు రాగా చూసినవాడు ఆ షెడ్డులో లేడు. ముప్పై ఒక్కేళ్ల పనిలో ఆయన వీపు విల్లులా వంగి, మెడ ముందుకి సాగింది. గాడిలోకి చూడ్డానికి మిగతావాళ్లు వంగాలి, ఆయనకి ఆ అవసరమే లేదు. ఉస్తాద్‌ని లేత్ తన ఎత్తుకి కోసుకుంది అని కుర్రాళ్లు నవ్వుకునేవారు. ఆ మాట చెవిన పడితే ఆయనకి కోపం వచ్చేది కాదు. లోపల కొంచెం గర్వంగా కూడా ఉండేది.

ఆ పూట ఒక అరిగిన రోలరు దించాలి. దాని మెడకి గొలుసు చుట్టడానికి ఎవరో ఒకరు కిందకి వంగాలి. "ఉమేష్!" అన్నాడు భీమారావు. ఉమేష్ మిషను అంచు పట్టుకుని, మోకాళ్లు మడిచి, సగం దిగి ఆగిపోయాడు. పెదవి కరుచుకున్నాడు. చలిలో కూడా నుదుటి మీద చెమట. నాలుగు క్షణాలు చూసి జగన్నాథ్ వచ్చి గొలుసు లాక్కున్నాడు. జగన్నాథ్ మహాసముంద్ వైపు మనిషి, భీమారావు కన్నా నాలుగేళ్లు పెద్ద. అదే లేత్ మీద ముప్పై అయిదేళ్లు పనిచేసినవాడు. చటుక్కున కూర్చుని గొలుసు చుట్టి, చటుక్కున లేచాడు.

సరిగ్గా పదకొండు గంటలకి పైన క్రేను పట్టాల మీద ఇరుక్కుంది. భీమారావు తలెత్తబోయి, తల ఎత్తడానికి వీలుకాక, రెండడుగులు వెనక్కి వేసి చూశాడు. ఇనప నిచ్చెన మీద ఉమేష్ చకచకా ఎక్కిపోతున్నాడు. పైన పట్టా మీద గొంతుక్కూర్చుని, చక్రం కింద ఇరుక్కున్న ఇనప ముక్క లాగేసి, నిచ్చెన చివరి మూడు మెట్లూ వదిలేసి నేలమీదకి దూకాడు.

"చూసినావేటి?" అన్నాడు భీమారావు ఈశ్వర్‌తో. ఈశ్వర్ గేజిలు కత్తిరించేవాడు, భీమారావులాగే పార్వతీపురం వైపు నుంచి వచ్చినవాడు. "ఆరింటికి ముసిలోడు. పదకొండింటికి కోతి. దీన్నేటంటారు?"

"నాటకం అంటారు," అని నవ్వాడు ఈశ్వర్.

షెడ్డులో ఇంకో ఇద్దరు నవ్వారు. ఎవరో హిందీలో "కామ్‌చోర్" అన్నారు. పనిదొంగ అనే ఆ మాట ఇనప రజనులా షెడ్డంతా చెదిరింది. ఉమేష్ విన్నాడు. చీపురు తీసుకుని లేత్ కింద రజను ఊడవడం మొదలుపెట్టాడు.

ఆ వారమే కాంట్రాక్టు వాళ్లలోంచి నలుగురిని పర్మినెంటు చేసే జాబితా తయారవుతోంది. షెడ్డు నుంచి ఉమేష్ పేరు ఉంది. ఫోర్‌మన్ రిపోర్టు రాయాలి. మధ్యాహ్నం టీ తాగుతూ భీమారావు హిందీలో రెండు వాక్యాలు రాశాడు: చెయ్యి మంచిది. పొద్దున పూట కావాలనే పని తప్పించుకుంటాడు. కింద సంతకం పెట్టి ఆఫీసులో ఇచ్చేశాడు. రాసింది అబద్ధమని ఆయనకి ఒక్క క్షణం కూడా అనిపించలేదు.

మంగళవారం ఉమేష్ ఒక కాగితం తెచ్చాడు. రాయ్‌పుర్‌లో ఒక ఆస్పత్రి చీటీ. మడతలు విప్పి ఆయన ముందు పెట్టాడు.

"ఉస్తాద్, నాది నాటకం కాదు. వెన్ను వాపు జబ్బంట. పోయిన నెలలో బ్లడ్ టెస్ట్ చేసినారు. గురువారం మళ్లీ రమ్మన్నారు."

"వాపేది? ఎక్కడా కనబడదేటి?"

"లోపల. తెల్లారుజామున మూడింటికి మెలకువొచ్చేస్తది. పక్కకి తిరగలేను. లేచి నడిస్తే తగ్గుతది. పని చేస్తే ఇంకా తగ్గుతది. పడుకుంటేనే నొప్పి, ఉస్తాద్."

వెనకనుంచి ఈశ్వర్ పకపకా నవ్వాడు. "పని చేస్తే తగ్గే నొప్పి! మా ఊళ్లో అయితే దాన్ని బద్ధకం అంటారు."

ఈసారి భీమారావుకి నవ్వు రాలేదు. ఎందుకు రాలేదో ఆయనకే తెలియలేదు. చీటీ పట్టుకుని మేనేజరు గదికి వెళ్లాడు. మేనేజరు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇలాంటి కాగితాలు ఎవరైనా తెస్తారు భీమారావ్‌జీ. మీ రిపోర్టు నా దగ్గరుంది. అబద్ధమైతే పేరు తీసేస్తాను. నిజమైతే రోగిష్టివాణ్ణి పర్మినెంటు చెయ్యమని పైవాళ్లకి ఎలా చెప్పను? జాబితా శుక్రవారం పోతుంది. గురువారం మీకు సెలవేగా, మీరే వెళ్లి కనుక్కురండి."

గురువారం పొద్దున తొమ్మిదిన్నరకి బీర్‌గావ్ కూడలిలో ఉమేష్‌ని స్కూటరు ఎక్కించుకున్నాడు భీమారావు. భన్‌పురి దగ్గర లారీల మధ్య అరగంట పట్టింది. గతుకు వచ్చినప్పుడల్లా వెనకనుంచి చిన్న మూలుగు వినబడేది. రెండుసార్లు స్కూటరు నెమ్మది చేశాడు. మూడోసారి నుంచి గతుకులే తప్పించి నడిపాడు.

కీళ్లవాతం డాక్టరు పేరు బిందుమాధవి. రాజమండ్రి మనిషి, నలభై లోపు ఉంటుంది. భీమారావు గుమ్మంలో అడుగుపెట్టగానే ఆవిడ కళ్లు ఆయన మీదకి వెళ్లి, అక్కడే ఆగాయి.

"కూర్చోండి. పేషెంటు మీరేనా?"

"నాను కాదమ్మా, ఈడు. నానీడికి ఫోర్‌మన్‌ని. ఈ చీటీ నిజమో కాదో కనుక్కు రమ్మన్నారు."

మొహమాటం లేకుండా అన్న ఆ మాటకి ఆవిడకి కోపం రాలేదు. "మంచిది. మీరే చూడండి," అని ఉమేష్‌ని చొక్కా విప్పి అటు తిరగమంది. నడుం కింద, రెండు చిన్న గుంటల మధ్య పెన్నుతో ఒక గీత గీసింది. టేపు పెట్టి, సరిగ్గా పది సెంటీమీటర్లు పైకి కొలిచి ఇంకో గీత గీసింది.

"మోకాళ్లు వంచకుండా ముందుకి వంగు, ఎంతవరకు వంగగలిగితే అంతవరకు."

ఉమేష్ వంగాడు. చేతివేళ్లు మోకాళ్ల కిందకి వచ్చి ఆగాయి.

"టేపు మీరే చదవండి," అంది ఆవిడ భీమారావుతో. "ఆరోగ్యంగా ఉన్న కుర్రాడు వంగితే చర్మం సాగి, ఈ పది కాస్తా పదిహేను దాకా రావాలి."

టేపు చదవడం ఆయనకి ఊపిరి తీసుకున్నట్టే. దగ్గరికి జరిగాడు. ఒక గీత మీద బొటనవేలు, రెండో గీత మీద చూపుడువేలు. మళ్లీ చదివాడు.

"పదకొండున్నర," అన్నాడు. "పైన అరగీత కూడా లేదు."

"ఇందులో నాటకం ఆడాలంటే చర్మానికి కూడా నేర్పాలి," అంది డాక్టరు.

ఆవిడ ఎక్స్‌రే పలకని లైటు మీద పెట్టి, నడుం కింద ఎముకలు రెండు వైపులా కలిసేచోటు చూపించింది. అక్కడ ఉండాల్సిన సన్నటి నల్లగీత మసకబారి, అంచులు ఎలక కొరికినట్టు ఉన్నాయి.

"ఏ నొప్పయినా రెస్ట్ తీసుకుంటే తగ్గుతుందనుకుంటాం. ఇది తిరకాసు. పడుకుంటే బిగుస్తుంది, కదిలితే వదులవుతుంది. పొద్దున లేవగానే గంటో రెండు గంటలో నరకం. పదింటికల్లా మామూలు మనిషి. అందుకే చూసేవాళ్లెవరూ నమ్మరు. నా దగ్గరికి వచ్చేవాళ్లలో సగంమందికి ఇంట్లోనో ఆఫీసులోనో బద్ధకస్తుడని పేరు పడిపోయి ఉంటుంది."

భీమారావు తన చేతుల వైపు చూసుకున్నాడు.

"ఎందుకొస్తదమ్మా ఇది? బరువులెత్తడం వల్లా?"

"బరువుల వల్ల కాదు. బయటనుంచి క్రిములొస్తే తరిమికొట్టే శక్తి మన ఒంట్లో ఉంటుంది కదా. ఈ జబ్బులో అది దారి తప్పి సొంత ఒంటి మీదే పడుతుంది. వెన్నులో ఎముకల్ని కలిపి కట్టి ఉంచే పట్టీలు ఎముకకి అతుక్కునే చోట వాపు తెస్తుంది. ఏళ్ల తరబడి వాపు వచ్చి, తగ్గి, మళ్లీ వచ్చి, అక్కడ లేనిపోని ఎముక పుడుతుంది. చివరికి పూసకి పూస అతుక్కుపోతుంది."

"వెల్డింగు చేసినట్టు."

"అంతే. దారి ఎందుకు తప్పుతుందో పూర్తిగా ఎవరికీ తెలీదు. పుట్టుకతో వచ్చే గుర్తు ఒకటి రక్తంలో ఉంటుంది, బి ట్వంటీసెవెన్ అంటాం. ఉమేష్‌కి ఉంది. అలాగని అది ఉన్న ప్రతివాళ్లకీ రాదు. నూటికి తొంభైమందికి పైగా ఏమీ కాకుండానే బతికేస్తారు. ఇంకా కొన్ని జన్యువులు తోడవ్వాలి. పేగుల్లో ఉండే క్రిముల పాత్ర కూడా ఉండొచ్చంటున్నారు." ఆవిడ ఆగి, కుర్చీలోంచి లేచింది. "మీరొకసారి ఆ గోడకి ఆనుకుని నిలబడతారా?"

"నానెందుకమ్మా?"

"ఊరికే. మడమలు గోడకి ఆనించండి. వీపు కూడా. ఇప్పుడు తల వెనక భాగం గోడకి తగలనివ్వండి."

భీమారావు నిలబడ్డాడు. మడమలు ఆనాయి. వీపు ఆనింది. తల వెనక్కి తోశాడు. గడ్డం పైకి లేచింది గానీ తల గోడకి అందలేదు. ఇంకా తోశాడు. మెడలో నరాలు ఉబ్బాయి. ఉమేష్ చటుక్కున లేచి నిలబడ్డాడు, పట్టుకోవాలన్నట్టు.

ఆవిడ ఆయన తలకీ గోడకీ మధ్య టేపు పెట్టింది. "పన్నెండు. సున్నా ఉండాలి."

"అది లేత్ పనమ్మా. ముప్పై ఒక్కేళ్లు. వంగి వంగి ఇలగైపోనాను."

"మీతోపాటు అదే పని చేసినవాళ్లు ఇంకెవరైనా ఉన్నారా?"

భీమారావుకి జగన్నాథ్ గుర్తొచ్చాడు. ముప్పై అయిదేళ్లు. చటుక్కున కూర్చుని చటుక్కున లేచే జగన్నాథ్. నిటారుగా, స్తంభంలా.

"ఉన్నాడమ్మా ఒకాయన. ఆయనకేటీ కానేదు," అన్నాడు.

"చిన్నప్పుడు, ఈ కుర్రాడి వయసులో, పొద్దున్నే నడుం పట్టేసేదా?"

బయట ఎవరి నెంబరో పిలుస్తున్నారు.

"నాలుగున్నరకి లేచీవోణ్ణి," అన్నాడు చివరికి. "ఆరింటి డ్యూటీకి. గంటసేపు వీధిలో తిరిగీవోణ్ణి, ఒళ్లు వదులవడానికి. సైకిలుండీది. అయినా నడిచే ఎల్లీవోణ్ణి. నడిస్తే బాగుండీది."

"ఎవరికీ చెప్పలేదా?"

"చెప్పడానికేటుందమ్మా." ఆయన గోడ దగ్గరే నిలబడి ఉన్నాడు. "పొద్దున పూట అందరికీ అలగే ఉంటదనుకున్నాను."

ఉమేష్ తల దించుకున్నాడు. ఆయనని అలా చూడ్డం వాడికి కష్టంగా ఉంది.

"ఈ జబ్బు కళ్లలోకీ వస్తుంది," అంది డాక్టరు. "కళ్లు ఎర్రబడి, వెలుతురు చూడలేకపోవడం?"

"మూడుసార్లు. వెల్డింగు మంట చూసినాననుకున్నాను."

ఆవిడ ఎక్స్‌రేకి రాసిచ్చింది. మధ్యాహ్నం ఒంటిగంటకి పలక వచ్చింది. ఉమేష్‌ది మసకగీత అయితే, భీమారావుదాంట్లో ఆ గీతే లేదు. రెండెముకలూ ఒక్కటైపోయాయి. వెన్నుపూసలు వెదురుగడలా కణుపులు కణుపులుగా అతుక్కుని ఉన్నాయి. అతుక్కున్నవాటిని విడదీయలేమని, మిగిలినవాటిని కాపాడుకోవచ్చని డాక్టరు చెప్పింది. ఇద్దరికీ మాత్రలు, ఇద్దరికీ ఒకటే వ్యాయామాల కాగితం. ఇద్దరూ బీడీ మానెయ్యాలి. కుర్రాడికి మాత్రలతో లొంగకపోతే ఇంజెక్షన్లున్నాయి, ఇప్పుడే దొరికాడు కాబట్టి వీపు నిటారుగా నిలబెట్టొచ్చు.

"నిటారుగానే ఉంటాడా?" అని మళ్లీ అడిగాడు భీమారావు.

"పొద్దున్నే పరుగెత్తించకుండా, రోజూ వ్యాయామం చేయిస్తే చాలావరకు ఉంటాడు."

గుమ్మం దాకా వెళ్లి ఆయన మళ్లీ తిరిగాడు, మనిషి మొత్తం. "నాకొక ఆడపిల్లుందమ్మా."

"మిగతావాళ్లకన్నా కాస్త ఎక్కువ అవకాశం ఉంటుంది. అయినా రాకపోవడమే ఎక్కువ. పొద్దున పూట నడుం పట్టేస్తోందా అని అడగండి. పట్టేస్తే తీసుకురండి. లేకపోతే హాయిగా ఉండనివ్వండి."

సాయంత్రం వీధివాకిట్లో ఎండ ఇంకా ఉండగానే భీమారావు ఇల్లు చేరాడు. భార్య ఆండాళమ్మ మెట్టు మీద కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. ఆయన పక్కనే కూర్చున్నాడు. కూర్చోవడానికి ఎప్పుడూ పట్టుకునే గుమ్మం చెక్కనే పట్టుకున్నాడు గానీ, ఈసారి పట్టుకున్నట్టు తనకే తెలిసింది.

అంతా చెప్పాడు. లేత్ కాదని, జబ్బని, పుట్టుకతో రక్తంలో వచ్చిందని. ముప్పై ఏళ్లుగా రోజూ పొద్దున్నే నడుం పట్టేస్తుందని కూడా చెప్పాడు. చెప్పి ఆమె ముఖం చూశాడు, ఆశ్చర్యపోతుందని.

ఆండాళమ్మ ఇంకో చిక్కుడుకాయ అందుకుంది.

"ఇదేటి కొత్తగా చెప్తన్నారు? నాకు తెలీదేటి?"

"నీకెలగ తెల్సు?"

"మీరు లేవడానికి మంచం కోడు పట్టుకుని మూడుసార్లు ఊగుతారు. మూడోసారికి లేస్తారు. చలికాలమైతే అయిదుసార్లు. మీకన్నా ముందు లేచి వేడినీళ్లు ఎందుకు కాస్తన్నాననుకున్నారు? చొక్కా మంచమ్మీదే ఎందుకు పెడతన్నాను, చిలక్కొయ్యకి తగిలించకుండా?"

"మరి ఎప్పుడూ అడగనేదేం?"

"అడిగితే లేదనేవోరు. లేదని చెప్పినాక వేడినీళ్లు పెడితే మీకు కోపమొచ్చీది." ఆమె గిన్నె పక్కన పెట్టింది. "అబద్ధమాడించడం ఎందుకని అడగలేదు."

భీమారావు గిన్నె దగ్గరికి లాక్కుని తనూ ఈనెలు తీయడం మొదలుపెట్టాడు.

నర్సింగు కాలేజీ బస్సు దిగి కూతురు నళిని వచ్చింది. చెప్పులు విప్పకముందే ఆయన అడిగాడు. "అమ్మా, పొద్దున పూట నీకు నడుం పట్టేస్తదా?"

"నడుమా? లేదు నాన్నా. వార్డులో నిలబడి నిలబడి అరికాళ్లు లాగుతాయి. ఏమైంది?"

"ఓసారి వంగు. మోకాళ్లు మడవకుండా."

నళిని అమ్మ వైపు చూసింది. అమ్మ వంగమన్నట్టు తల ఊపింది. పుస్తకాల సంచీ మెట్టు మీద పెట్టి, నవ్వుతూనే వంగి, రెండు అరచేతులూ నేలకి ఆనించింది. జడ జారి దుమ్ములో పడింది.

"చాలా? ఇంకా వంగాలా?"

"చాలమ్మా, చాలు," అన్నాడు భీమారావు. ఆమె లేచాక జడకంటిన దుమ్ము దులిపాడు.

శుక్రవారం పొద్దున ఆఫీసు తెరవగానే ఆయన మేనేజరు గదిలో ఉన్నాడు.

"చీటీ నిజమే సాబ్. నా రిపోర్టు తప్పు. మళ్లీ రాస్తాను."

"మొదట రాసిందీ మీరే, ఇప్పుడు కొట్టేస్తున్నదీ మీరే." మేనేజరు కుర్చీలో వెనక్కి వాలాడు. "అయినా నా ప్రశ్న అలాగే ఉంది. జబ్బు మనిషిని పర్మినెంటు ఎలా చేస్తాం? పదేళ్లలో ఏమవుతాడో ఏం తెలుసు?"

భీమారావు సంచీలోంచి ఎక్స్‌రే తీసి బల్ల మీద పెట్టాడు. మేనేజరు దాన్ని కిటికీ వెలుతురులో తలకిందులుగా పట్టుకున్నాడు.

"చాలా పాడైపోయింది కదా. పాపం, చిన్న వయసు."

"అది వాడిది కాదు సాబ్. నాది."

మేనేజరు పలక దించాడు.

"వాడిది ఇంకా మొదట్లోనే ఉంది. నాది ముప్పై ఏళ్ల నాటిది. ఈ నడుముతోనే మీ మిల్లులో ఉన్న ప్రతి రోలరూ చెక్కాను. ఒక్క గాడి తప్పిందని ఎప్పుడైనా రాశారా? జబ్బు ఉన్నవాడు పనికిరాడంటే, ముందు నా పేరు కొట్టెయ్యండి."

గదిలోకి టీ తెచ్చిన మనిషి గుమ్మంలోనే ఆగిపోయాడు. భీమారావు ఆ గదిలో అంత పొడుగు మాట ఎన్నడూ మాట్లాడలేదు. మేనేజరు ఎక్స్‌రేని జాగ్రత్తగా కవరులో పెట్టి ఆయన వైపు జరిపాడు.

"ఏం చెయ్యమంటారు?"

"మధ్యాహ్నం రెండు గంటల షిఫ్టుకి మార్చండి. ఆ పూటకి వాడు నాకన్నా, జగన్నాథ్ కన్నా చురుగ్గా ఉంటాడు. జాబితాలో పేరు ఉంచండి."

మేనేజరు తెల్లకాగితం ఇచ్చాడు. భీమారావు నిలబడే రాశాడు. ఈసారి నాలుగు వాక్యాలు పట్టింది. పదకొండింటికి జాబితా పై ఆఫీసుకి పోయింది. మధ్యాహ్నం టైపు గుమాస్తా వచ్చి, నాలుగు పేర్లూ వెళ్లాయని చెప్పి వెళ్లాడు.

సోమవారం మధ్యాహ్నం ఒకటీ ముప్పావు. పొద్దుటి షిఫ్టు వాళ్లు చేతులు కడుక్కుంటున్నారు. ఉమేష్ సైకిలు దిగి, గోడ పట్టుకోకుండా నడుచుకుంటూ లోపలికి వచ్చాడు. భీమారావు లేత్ ఆపించాడు.

"వీణ్ణి కామ్‌చోర్ అనిపించింది నేను," అన్నాడు అందరికీ అర్థమయ్యేలా హిందీలో. "తప్పు నాది. వీడికున్నది జబ్బు. అదే జబ్బు నాకూ ఉంది. ఇకనుంచి ఆ మాట ఈ షెడ్డులో వినబడకూడదు."

ఈశ్వర్ తల గోక్కున్నాడు. జగన్నాథ్ ఒక్కడే ఆయన వీపు వైపు చాలాసేపు చూసి, "అన్నేళ్లూ పక్కనే ఉన్నాను, ఒక్కసారైనా చెప్పలేదే భాయ్," అన్నాడు.

ఉమేష్ దగ్గరికి వచ్చాడు. "ఉస్తాద్, కాగితంలో వ్యాయామాలు మొదలుపెట్టారా?" అన్నాడు.

"బొమ్మలు చూస్తే ఏటీ తెలీనేదు. నువ్వు చేసి చూపించు."

ఉమేష్ గోనెపట్టా ఒకటి దులిపి నేల మీద పరిచాడు. పక్కనే ఇంకొకటి. ఇద్దరూ వెల్లకిలా పడుకున్నారు. భీమారావు తల నేలకి ఆనలేదు. జగన్నాథ్ తన తువ్వాలు మడిచి దాని కింద పెట్టాడు. పెట్టి, తనకీ ఓ పట్టా పరుచుకుని, కాళ్లు ఎత్తబోయి అబ్బా అన్నాడు. షెడ్డంతా నవ్వింది. పడుకున్నచోటే భీమారావు కూడా నవ్వాడు.

"చేతులు పైకి ఉస్తాద్. ఇప్పుడు ఛాతీ నిండా గాలి పీల్చండి. నేను పది లెక్కపెడతాను, అప్పటిదాకా వదలకండి."

"పదా? ఎక్కువ కాదేటి?"

"మొదటిరోజు కదా, అయిదు చాలు," అని ఉమేష్ లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.